ఫార్మాటు కొట్టడమే వైద్యమా?

ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటరును మరమ్మతు దుకాణానికి మోసుకొని వెళ్లినవారికి మూడు వాక్యాలు వినబడతాయి. "ఫార్మాటు కొట్టేద్దాం సార్" అనేది మొదటిది. "గేములు ఆడితే అంతే సార్" అనేది రెండవది. ఫార్మాటు రెండు మూడుసార్లు జరిగి, డబ్బు చేతులు మారి, ఫలితం కనబడని పిమ్మట వచ్చేది మూడవది: "గ్రాఫిక్సు కార్డు పోయింది, కొత్తది వెయ్యాలి." ఈ మూడింటిలో ఎక్కడా పరీక్ష అన్న మాట లేదు. క్యాబినెట్టు మూత తీయకముందే, అసలేమి జరిగిందని అడగకముందే, ఈ వాక్యాలు నాలుక చివర సిద్ధంగా ఉంటాయి. వీటిని ఖండించడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని కొందరు అడుగుతారు, అడిగారు కూడా. ముప్పయ్యేళ్లకు పైగా పిల్లల తప్పులు దిద్దిన చేయి నాది. ఒక బాలుడు వాక్యం తప్పు రాస్తే ఆ తప్పు సంధిలో ఉన్నదా, విభక్తిలో ఉన్నదా, కర్తకూ క్రియకూ పొత్తు కుదరలేదా అని చూడాలి. అలా చూడకుండా నోటుపుస్తకం చింపి పారేసి కొత్తది కొనుక్కొమ్మనే ఉపాధ్యాయుణ్ణి మీరు బడిలో ఉంచుతారా? కంప్యూటరు నిర్మాణం నా విద్య కాదు. తప్పు ఎక్కడున్నదో వెదికే పద్ధతి మాత్రం అన్ని విద్యలకూ ఒక్కటే.

ముందు మాటల సంగతి చూద్దాం. మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లున్నాయో గమనించారా? పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తీపు వేరు, గుంజుడు వేరు. పల్లెటూరి ముసలమ్మ "సలుపుతున్నది నాయనా" అంటే వైద్యునికి సగం దారి తెలిసిపోతుంది. ఇంత సంపద ఉన్న భాషలో బతుకుతూ కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి అన్నింటికీ కలిపి "హ్యాంగ్ అయిపోయింది" అని గాని, "క్రాష్ అయింది" అని గాని ఒకే మాటతో సరిపెట్టుకుంటున్నాము. కాని అది ఒక వ్యాధి కాదు. ఆట ఒక్కటే మూసుకుపోయి మిగిలినదంతా మామూలుగా ఉండడం ఒక రూపం. నీలితెర వచ్చి, దాని మీద ఒక సంకేతపదం కనబడడం మరొక రూపం. తెర నల్లబడి, లోపల పంకాలు మాత్రం గిర్రున తిరుగుతూ, శబ్దం కాసేపు వినబడుతూ ఉండడం ఇంకొకటి. ఏ తెరా లేకుండా, కరెంటు తీసేసినట్టు యంత్రం ఠక్కున ఆరి, తనంతట తానే మళ్లీ లేవడం వేరొకటి. మొదటిదానికి ఆటలోని దోషం కారణం కావచ్చు, జ్ఞాపకశక్తి దోషమూ కావచ్చు. నీలితెర వస్తే డ్రైవర్లనూ, ర్యామునూ, ప్రాసెసరునూ అనుమానించాలి. నల్లతెరకు గ్రాఫిక్సు కార్డునో దాని డ్రైవరునో ముందుగా చూడాలి. చివరిదానికి ముందు విద్యుత్తు వైపు వెళ్లాలి. ఇవి నిర్ణయాలు కావు, వెదకడం ఎక్కడ ప్రారంభించాలో చెప్పే గుర్తులు మాత్రమే. ఆ గుర్తులు అడగని మరమ్మతుదారు నాడి పట్టని వైద్యునితో సమానం.

నాడి అన్నాను గనుక ఇంకొక మాట. ఆయుర్వేదం రోగాన్ని తెలుసుకొనడానికి అయిదు సాధనాలు చెప్పింది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. ఏది చేస్తే బాధ తగ్గుతున్నదో చూసి దానిని బట్టి రోగాన్ని గుర్తించడం ఉపశయం. ఇక "నిదానం" అనే మాటకు తెలుగువాడు నెమ్మది అని అర్థం చెప్పుకుంటాడు, వైద్యుడు మూలకారణం అని చెప్పుకుంటాడు. ఈ పనికి రెండర్థాలూ కావాలి.

రెండవ వాక్యానికి వస్తాను. "గేములు ఆడితే అంతే" అన్న మాట దుకాణదారుకన్న తల్లిదండ్రులకు ఎక్కువ ప్రియమైనది. పిల్లవాడి ఆటను మాన్పించడానికి యంత్రమే సాక్ష్యం చెప్పినట్టు సంతోషిస్తారు. ఆటలు ఎంతసేపు ఆడాలన్నది వేరే చర్చ, అందులో నేను పెద్దల పక్షమే. కాని అది ఈ ప్రశ్నకు సమాధానం కాదు. తర్కశాస్త్రం మొదటి పాఠాలలోనే ఉపాధి అని ఒకటి చెబుతారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. కాల్చిన ఇనుపగోళంలో నిప్పున్నది, పొగ లేదు. నిప్పుకు తడికట్టె తోడైతేనే పొగ. ఆట నిప్పు వంటిది. అది ప్రాసెసరునూ గ్రాఫిక్సు కార్డునూ ఒకేసారి పూర్తి శక్తితో పనిచేయిస్తుంది. ఆ పనికోసమే అమ్మిన యంత్రం ఆ పని చేస్తూ ఆగిపోతే తడికట్టె ఎక్కడున్నదో వెదకాలి గాని నిప్పును తిట్టడమేమిటి? బండి ఎక్కితే చక్రం ఊడుతుంది కాబట్టి బండి ఎక్కవద్దని చెప్పే వడ్రంగికి ఎవరైనా కూలి ఇస్తారా?

వేసవిలో దీనికి ఒక ఉపవాక్యం చేరుతుంది: "ఎండలు కదండీ, వేడికి ఆగిపోతోంది." మన ఎండలు మామూలివి కావు, దుమ్ము పేరుకున్న పంకాలు శుభ్రం చేయవలసిందే. అయితే నేటి ప్రాసెసర్లు వేడి మితిమీరితే ముందు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ అదుపు కాకపోతేనే ఆరిపోతాయి. కాబట్టి వేడి కారణమైతే ఆట ముందుగా నత్తనడక నడవాలి, ఉష్ణోగ్రత చూపే ఉచిత సాఫ్టువేరులో అంకె పైకి పోవాలి. చూశారా అని అడగండి. చూడరు.

ఇక మూడవ వాక్యం. ఇది అత్యంత ఖరీదైనది గనుక దీనికి లోకమంతా చూసిన ఒక ఉదాహరణ చెప్పాలి. ఇంటెల్ సంస్థ 13వ తరం కోర్ ప్రాసెసర్లను 2022 అక్టోబరులోనూ, 14వ తరం వాటిని 2023 అక్టోబరులోనూ డెస్కుటాపుల కోసం విడుదల చేసింది. వాటిలో పై శ్రేణివి, ముఖ్యంగా ఐ9 రకాలు, కొన్న కొందరికి కొన్నాళ్లకు ఆటలు మొదలవుతూనే మూసుకుపోసాగాయి. తెర మీద వచ్చే సందేశం "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ", అంటే గ్రాఫిక్సు కార్డు జ్ఞాపకశక్తి చాలలేదని. 24 గిగాబైట్ల కార్డులు పెట్టుకున్నవారికీ అదే సందేశం! చదివినవాడు కార్డునే కదా అనుమానిస్తాడు. డ్రైవర్లు మార్చారు, విండోసు మళ్లీ ఎక్కించారు, కార్డులు మార్చుకున్నారు. వ్యాధి పోలేదు.

నిజానికి కార్డు నిర్దోషి. ఆటలోని దత్తాంశమంతా కుదించి ఉంటుంది, దానిని విప్పేది ప్రాసెసరు. అది విప్పేటప్పుడు పొరపడితే ఆటకు చెడిన దత్తాంశం అందుతుంది. చెడినదాన్ని అందుకున్న ఆట తనకు తోచిన సందేశం చూపి మూసుకుంటుంది. ఆ కుదింపు విద్యను తయారుచేసిన ర్యాడ్ గేమ్ టూల్స్ వారే ఇది తమ కోడు దోషం కాదనీ, ప్రాసెసరు స్థిరత్వం సరిచూసుకోవాలనీ చెప్పారు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌విడియా కూడా అటువంటి ప్రాసెసర్లతో ఈ సందేశం చూస్తున్నవారు ఇంటెల్‌ను సంప్రదించాలని సూచించింది. ఆ తరువాత మదర్‌బోర్డుల తయారీదారులు విద్యుత్ పరిమితులను హద్దు మీరి అమర్చారన్న వాదం కొంతకాలం నడిచింది. 2024 జులైలో ఇంటెల్, ప్రాసెసరులోని మైక్రోకోడు అవసరానికి మించిన వోల్టేజిని కోరుతున్నదని ఒప్పుకున్నది. ఆగస్టులో 0x129 అనే దిద్దుబాటు వచ్చింది. వారంటీని మరి రెండేళ్లు పొడిగించారు. సెప్టెంబరులో మూలకారణం చెప్పారు: ఎక్కువ వోల్టేజి, ఎక్కువ వేడి తగిలి ప్రాసెసరు లోపలి గడియార వలయం క్రమంగా చెడి, పనిచేయడానికి కావలసిన కనీస వోల్టేజి పెరిగిపోతున్నదని. 0x12B అనే మరొక దిద్దుబాటు అప్పుడు వచ్చింది. ఈ దిద్దుబాట్లు ఇకముందు చెడకుండా కాపాడడానికే. అప్పటికే చెడిన ప్రాసెసరును అవి బాగుచేయలేవు, దానిని మార్చుకోవలసిందే.

ఇందులో గమనించవలసినది తెర మీది వాక్యానికి ఎంత విలువ ఇవ్వాలన్నది. కొట్టు తగలబడుతుంటే "బియ్యం లేవు" అని బోర్డు పెట్టినట్టున్నది ఆ సందేశం. అబద్ధం కాదు, కారణమూ కాదు. ప్రాసెసరు వేగాన్ని కొంచెం తగ్గిస్తే ఆ సందేశం మాయమవుతున్నదని ఆటగాళ్లలో కొందరు కనిపెట్టారు. ఉపశయం అంటే అదే. వైద్యశాస్త్రం చదవని కుర్రవాళ్లు దానిని తెలియకుండానే వాడారు. వారికి నా నమస్కారం.

ఇప్పుడు నా ఇంటి సంగతి. మా మేనల్లుడి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. నాకు మనవడి వరుస. మా పట్టణంలోని ఒక దుకాణంలో 92 వేల రూపాయలకు కంప్యూటరు కూర్పించుకున్నాడు. ఏడాది తిరగకుండానే ఆటలో ఉండగా ఠక్కున ఆరిపోయి మళ్లీ లేవడం మొదలైంది. నీలితెర లేదు, సందేశం లేదు. దుకాణదారు మూడుసార్లు ఫార్మాటు కొట్టాడు, మూడుసార్లూ 500 చొప్పున పుచ్చుకున్నాడు. రెండవసారి "డేటా అంతా తీసి పెట్టాను" అన్నాడు. తీసి పెట్టినది ఒక డ్రైవునే. రెండవ దానిలో మావాడు మూడు నెలలు శ్రమించిన కళాశాల ప్రాజెక్టు ఉన్నది. అది పోయింది. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. నాలుగవసారి వెళ్లినప్పుడు "కార్డు పోయింది, 38 వేలు" అన్నాడు. వాడి తండ్రి దానిని అమ్మేసి ఊరుకుందామన్నాడు.

తన నిర్ణయానికి దుకాణదారు చూపిన ఆధారం వినండి. విండోసులో ఈవెంట్ వ్యూయర్ అనే దినచర్య ఉంటుంది. అందులో "కెర్నల్-పవర్ 41" అని ఎర్రగుర్తుతో నమోదైనది చూపి, "చూశారా, కెర్నల్ పోయింది, అందుకే ఫార్మాటు" అన్నాడట మొదటిసారి. ఆ నమోదు చెప్పేది ఒక్కటే: యంత్రం పద్ధతిగా మూతపడకుండా మళ్లీ మొదలైనదని. గోడ దగ్గర ప్లగ్గు పీకినా అదే నమోదవుతుంది. మరణ ధ్రువీకరణ పత్రం చూపి, మరణించడం చేత మరణించాడని చెప్పినట్టు లేదూ? నాలుగవసారి కూడా అదే పత్రం చూపించి కార్డు పోయిందన్నాడు.

నేను వాణ్ణి పిలిచి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. "ఒరేయ్, వారం రోజులు ఏమీ మార్చకు. ఎప్పుడు ఆగిందో, ఏ ఆటలో ఆగిందో, ఎలా ఆగిందో రాయి" అన్నాను. "తాతగారూ, దానివల్ల ఏమవుతుందండీ?" అన్నాడు. రాశాడు. 14 సార్లు ఆగింది. సినిమా చూస్తుండగా ఒక్కసారీ లేదు, ప్రోగ్రాములు రాస్తుండగా లేదు. విచిత్రమేమిటంటే అందులో 3 సార్లు ఆటలో ఏమీ జరగని మొదటి పట్టిక దగ్గరే ఆగింది. మావాడే ఆలోచించి చెప్పాడు: ఆ పట్టిక తెర మీద సెకనుకు వందలకొద్దీ చట్రాలు గీయబడుతుంటాయి, అడ్డు లేకపోవడం చేత కార్డు ఊరికే పూర్తి శక్తితో పరుగెడుతుంది. చట్రాలను సెకనుకు 60కి కట్టివేశాడు. రెండు రోజులు ఆగలేదు. కట్టు విప్పాడు, ఆగింది.

అన్వయవ్యతిరేకాలంటే ఇవే. అది ఉంటే ఇది ఉండడం అన్వయం, అది లేకుంటే ఇది లేకపోవడం వ్యతిరేకం. రెండూ చూడాలి, ఒకసారికి ఒకే వస్తువును మార్చాలి. ప్రైమ్95తో ప్రాసెసరును మాత్రమే గంటసేపు శ్రమపెట్టాము, నిలిచింది. ఫర్‌మార్కుతో కార్డును మాత్రమే శ్రమపెట్టాము, నిలిచింది. రెండూ కలిపి నడిపితే 4 నిమిషాలకు ఆరిపోయింది. కార్డు చెడి ఉంటే ఒంటరిగా ఎలా నిలిచింది? ఆఫ్టర్‌బర్నరులో కార్డు వాడుకునే విద్యుత్తును 70 శాతానికి తగ్గించి రెండూ కలిపి నడిపితే మళ్లీ నిలిచింది. గోడ మీది ప్లగ్గు మార్చి వేరే గదిలో చూశాము, తేడా లేదు. ఎర్తింగు చూపించాము, బాగానే ఉన్నది. యూపీఎస్ తీసేసి చూశాము, తేడా లేదు. మిగిలినది ఎస్ఎంపీఎస్. ఎదురింటి అబ్బాయి దగ్గర మంచిది అరువు తెచ్చి వేస్తే రెండు గంటలు నిలిచింది. పాతది తిరిగి వేస్తే 5 నిమిషాలకు ఆరింది. పాతదాన్ని తిరిగి వేయడం వృథాశ్రమ అని మావాడు విసుక్కున్నాడు. వేయకపోతే అది కాకతాళీయం కాదని ఎలా తెలుస్తుంది? కాకి వాలినప్పుడు తాటిపండు పడింది, సరే. కాకిని రెండవసారి వాలనివ్వాలి.

ఇక్కడ చేయబోయేవారికి ఒక హెచ్చరిక. ఎస్ఎంపీఎస్ మార్చేటప్పుడు దాని తీగలు కూడా దానివే వాడాలి. ఊడదీయగల తీగలు పైకి ఒకేలా కనబడినా, ఒక తయారీకీ మరొకదానికీ లోపలి అమరిక వేరుగా ఉండవచ్చు. ఒకదాని తీగ మరొకదానికి తగిలిస్తే డిస్కులు కాలిపోయే ప్రమాదం ఉన్నది.

ఆ ఎస్ఎంపీఎస్ మీద 650 వాట్లని అచ్చు వేసి ఉన్నది. కార్డు, ప్రాసెసరు కలిసినా అంత కాదే అని మీకు అనిపించవచ్చు. అది సగటు లెక్క. నేటి గ్రాఫిక్సు కార్డులు రెప్పపాటులో వెయ్యోవంతు కాలం తమ సగటుకు రెట్టింపు దాకా గుంజుతాయి. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, ఎస్ఎంపీఎస్ తన అంకెకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లపాటు ఓర్చుకోవాలని కోరింది. చవకరకాలు ఆ గుంజుకు తాళలేక తమ రక్షణకు తాము ఆరిపోతాయి. ఇక డబ్బా మీది "80 ప్లస్" ముద్రను చూసి మురిసిపోయేవారున్నారు. ఆ ముద్ర ఎంత విద్యుత్తు వృథా అవుతున్నదో చెబుతుంది. ఈ ఆకస్మిక భారాన్ని ఓర్చుకుంటుందో లేదో చెప్పదు.

38 వేల కార్డు కొని ఉంటే ఏమయ్యేది? అదీ అదే ఎస్ఎంపీఎస్ కింద ఆరిపోయేది. అప్పుడు నాలుగవ ఫార్మాటు.

జ్ఞాపకశక్తిని గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ మన న్యాయాలలో ఒకటి పనికిరాదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలునన్నది స్థాలీపులాకన్యాయం. ర్యాములో అది చెల్లదు. కోట్లకొద్దీ మెతుకులలో ఒక్కటి పచ్చిదైనా ఆట కూలుతుంది. కంప్యూటరు మామూలుగా లేచిందంటే ర్యాము బాగున్నట్టేననడం ఒక మెతుకు పట్టి చూడడమే. మెమ్‌టెస్ట్86+ వంటి పరీక్షను రాత్రంతా నడపాలి. పైగా డబ్బా మీద 6000 అని ఉన్న వేగం ఎక్స్ఎంపీ అనే అమరిక పెడితేనే వస్తుంది, అది ర్యామును పరుగు పెట్టించడమే. అనుమానం ఉన్నప్పుడు ముందు ఆ అమరికను తీసి చూడడానికి ఒక నిమిషం చాలు, పైసా ఖర్చు లేదు. ఫార్మాటుకు ముందు ఇది చేసిన దుకాణదారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

"ఫార్మాటుతో బాగుపడినవి లేవా?" అని అడుగుతారు. ఉన్నాయి. వైరసు పట్టినవి, విండోసు దస్త్రాలు చెడినవి బాగుపడతాయి. కాని సాఫ్టువేరు దోషమని తేలినప్పుడు కూడా ఫార్మాటు మొదటి మందు కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్టువేరు పంపిన ఒక లోపభూయిష్ట దస్త్రం వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోసు యంత్రాలు నీలితెరలో పడ్డాయి. విమానాలు నిలిచిపోయాయి. మందేమిటి? సేఫ్ మోడులో లేపి ఆ ఒక్క దస్త్రాన్ని తొలగించడం. ఆనాడు ఈ పనిని మా పట్టణపు దుకాణానికి అప్పగించి ఉంటే 85 లక్షల ఫార్మాట్లు జరిగేవి, ఒక్కొక్కటి 500.

దుకాణదారుల పక్షాన ఒకాయన నాతో వాదించారు. రోజుకు పది యంత్రాలు వస్తాయనీ, ఒక్కొక్కదానికి వారం రోజుల నోటుపుస్తకం పెడితే బతకడం ఎలాగనీ, కొన్నవాడే "సాయంత్రానికి కావాలి" అని తొందర పెడతాడనీ అన్నారు. ఆ మాటలో కొంత నిజమున్నది. ఫార్మాటుకు 500 ఇచ్చే చేయి, రెండు గంటల పరీక్షకు 500 ఇవ్వదు. పరీక్ష కంటికి కనబడదు, కొత్త విండోసు తళతళలాడుతూ కనబడుతుంది. అందుచేత కొన్నవారిని కూడా ఈ ఖండనలోనుంచి నేను మినహాయించడం లేదు. పరీక్షకు విడిగా రుసుము పెట్టండి, మేము ఇస్తాము. కాని పరీక్షించకుండా తీర్పు చెప్పి, ఆ తీర్పుకు 38 వేలు అడగడం తొందర వల్ల జరిగే పని కాదు.

ఎస్ఎంపీఎస్ పట్టుకొని మేము ఆ దుకాణానికి వెళ్లాము. వారంటీ అడిగితే బిల్లు చూపమన్నాడు. చూపాము. అందులో "650 వాట్ ఎస్ఎంపీఎస్, 1" అని ఉన్నది. ఏ సంస్థదో లేదు, వరుస సంఖ్య లేదు. "ఇది మా దగ్గరదేనని ఏమిటి సార్ రుజువు?" అన్నాడు. అసలు బిల్లే ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఇలా అరకొర బిల్లు పుట్టేది కూడా ఆ బుద్ధిలోనుంచే. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. అది నడుస్తున్నది. కొత్త ఎస్ఎంపీఎస్ వేరేచోట 7 వేలకు కొన్నాము. పెట్టిన నాటినుంచి యంత్రం ఆగలేదు. పోయిన ప్రాజెక్టును మావాడు మొదటినుంచి రాస్తున్నాడు.

మీ యంత్రాన్ని దుకాణంలో దించేముందు ఒక కాగితం అడగండి. ఎలా ఆగుతున్నదని మీరు చెప్పారో, ఏ పరీక్ష ఎంతసేపు చేశారో, ఏది మారిస్తే తగ్గిందో, మార్చినదాని సంస్థ పేరూ వరుస సంఖ్యా ఏమిటో, అన్ని డ్రైవుల్లోని దత్తాంశం తీసి పెట్టారో లేదో, ఇవి అందులో ఉండాలి, కింద సంతకం ఉండాలి. రాసివ్వనంటే యంత్రాన్ని ఆటోలోనుంచి దించకండి.